పికప్ ట్రక్కుకు ప్రీమియం గ్యాస్: ఎవరికి గిట్టుబాటు, ఎవరికి దండగ

అమెరికాలో ఏ గ్యాస్ (పెట్రోల్) స్టేషన్‌కి వెళ్లినా పంపు మీద పసుపు స్టిక్కర్లలో మూడు ఆక్టేన్ అంకెలు కనిపిస్తాయి: రెగ్యులర్ 87, మిడ్‌గ్రేడ్ 89, ఆ పైన ప్రీమియం 91 లేదా 93. చిన్న కారుకైతే పన్నెండు గ్యాలన్లతో ట్యాంకు నిండిపోతుంది కాబట్టి ఏ బటన్ నొక్కినా జేబుకు పెద్దగా తెలియదు. పికప్ ట్రక్కు సంగతి అలా కాదు. చాలా ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కులకు 26 గ్యాలన్ల ట్యాంకు ఉంటుంది, కొన్నిటికి 36 కూడా ఉంటుంది. గ్యాలన్‌కు 80 సెంట్లు తేడా ఉందనుకుంటే 26 గ్యాలన్లకే ఇరవై డాలర్లకు పైగా అదనం. కొత్తగా ట్రక్కు కొన్న స్నేహితులు ఇన్సూరెన్స్ గురించి అడగకపోయినా ఈ ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగుతారు: ప్రీమియం పోయిస్తే బండికి మంచిదా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ ఓనర్స్ మాన్యువల్ 87 చాలు అంటే 87 పోయించండి, ప్రీమియం మీద పెట్టే డబ్బు దండగ. ప్రీమియం ‘రిక్వైర్డ్’ అని ఉంటే వేరే ఆలోచన పెట్టుకోకండి. ‘రికమెండెడ్’ అని ఉంటేనే అసలు నిర్ణయం మీ చేతిలో ఉంటుంది. అక్కడ నేను చూసేది బండి వెనక ఎంత బరువు కట్టాం, ఎంత ఎండలో, ఎలాంటి ఎత్తు ఎక్కబోతున్నాం అన్నదే.

ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు

ప్రీమియం అన్న పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. బియ్యంలో, బట్టల్లో ప్రీమియం అంటే నాణ్యత ఎక్కువ అని అర్థం. గ్యాస్‌లో ఆ అంకె చెప్పేది నాణ్యతా కాదు, శక్తీ కాదు. సిలిండర్‌లో ఎంత ఒత్తిడి, ఎంత వేడి తగిలినా ఇంధనం తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే కొలత అది. 87లో కన్నా 93లో ఎక్కువ శక్తి ఏమీ దాగి లేదు.

ఇంజన్‌లో జరిగేది ఇది. పిస్టన్ పైకి వస్తూ గాలినీ గ్యాస్‌నీ కలిపి నొక్కుతుంది. సరైన క్షణంలో స్పార్క్ ప్లగ్ నిప్పు ముట్టిస్తే, మంట ఒక వైపు నుంచి రెండో వైపుకు వరసగా పాకాలి. ఆ మంట చేరేలోపే ఇంకా కాలని మూలలో ఉన్న మిశ్రమం వేడికి, ఒత్తిడికి తట్టుకోలేక ఒక్కసారిగా అంటుకుంటే దాన్నే నాకింగ్ అంటాం. పాత ట్రక్కులో నిండు లోడుతో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఆ శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఉంటుంది. అది ఎక్కువసేపు సాగితే పిస్టన్లు పాడైపోతాయి.

కొత్త బండ్లలో ఆ శబ్దం మన చెవిన పడదు. ఇంజన్ బ్లాక్‌కు బిగించిన నాక్ సెన్సర్ ఆ ప్రకంపనను పట్టేసి కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ వెంటనే స్పార్క్‌ను కొంచెం ఆలస్యం చేస్తుంది. ఇంజన్‌కు ముప్పు తప్పుతుంది కానీ, ఆ ఆలస్యం మేరకు పవర్ తగ్గుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. ప్రీమియం పని ఇక్కడే మొదలవుతుంది. నాకింగ్ రానివ్వదు కాబట్టి కంప్యూటర్ వెనక్కి తగ్గాల్సిన అవసరం ఉండదు. 87 మీద కూడా అసలు నాకింగే రాని ఇంజన్ అయితే? వెనక్కి తగ్గడమే లేనప్పుడు ప్రీమియం తిరిగి ఇవ్వడానికి ఏమీ ఉండదు. మిగతా లెక్కంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఒకచోట పొరబడుతుంటారు. ‘అక్కడ మామూలు పెట్రోలే 91 ఉండేది, ఇక్కడ 87 ఇంత నాసిరకమా’ అంటారు. కొలిచే పద్ధతే వేరు. అక్కడ రాసేది ‘రాన్’ అనే ఒకే పరీక్షలో వచ్చిన అంకె. ఇక్కడ రెండు పరీక్షల సగటు రాస్తారు. ఇక్కడి 87, అక్కడి 91 దాదాపు ఒకటే.

పరీక్షల్లో తేలింది ఏమిటి

ఈ విషయంలో నేను ఎక్కువగా నమ్మేది ట్రిపుల్ ఏ చేయించిన పరీక్షలను. రోడ్డు మీద బండి ఆగిపోతే మనం ఫోన్ చేసే సంస్థే అది. 2016లో, 87 చాలని తయారీదారులే చెప్పిన నాలుగు, ఆరు, ఎనిమిది సిలిండర్ల బండ్లలో ప్రీమియం పోసి పవర్, మైలేజీ, పొగ మూడూ కొలిచారు. చెప్పుకోదగ్గ లాభం ఏదీ కనిపించలేదు. అవసరం లేని బండ్లలో ప్రీమియం పోయించి అమెరికన్లు ఒక్క ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేశారని అప్పుడే లెక్క కట్టారు. వినియోగదారుల వ్యవహారాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెప్పేదీ ఇదే: మాన్యువల్‌లో ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్టేన్ పోయిస్తే ఉపయోగం లేదు.

2017లో రెండో విడత పరీక్షలు చేశారు. ఈసారి తీసుకున్నవి ప్రీమియం తప్పనిసరి కాకపోయినా వాడితే మంచిదని తయారీదారులు చెప్పిన బండ్లు. వాటిలో 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్ (గాలిని నొక్కి సిలిండర్‌లోకి పంపే టర్బో ఉన్న ఇంజన్) గల ఫోర్డ్ ఎఫ్-150 కూడా ఉంది. సగటున మైలేజీ 2.7 శాతం, పవర్ 1.4 శాతం పెరిగాయి. అన్నిటికన్నా బాగా లాభపడింది కాడిలాక్ ఎస్కలేడ్, దాని మైలేజీ 7.1 శాతం పెరిగింది. ఇంకో కారు మైలేజీ ఒక శాతం తగ్గింది కూడా.

ఇప్పుడు ఆ శాతాలను డాలర్లలోకి మార్చి చూద్దాం. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే ట్రక్కు, గ్యాలన్‌కు 18 మైళ్లు ఇస్తుందనుకోండి. అంటే ఏడాదికి 667 గ్యాలన్లు. రెగ్యులర్ మూడు డాలర్లు, ప్రీమియం 3.80 అనుకుందాం. రెగ్యులర్‌తో ఖర్చు 2,000 డాలర్లు. ప్రీమియం వల్ల మైలేజీ 2.7 శాతం పెరిగితే 649 గ్యాలన్లు చాలు, ఖర్చు 2,467. ఎస్కలేడ్ స్థాయిలో 7.1 శాతం పెరిగినా 2,365 దగ్గర ఆగుతుంది. అంటే అన్నీ కలిసొచ్చినా ఏడాదికి 365 డాలర్ల చేతి చమురు వదులుతుంది. ప్రీమియం ధర 27 శాతం ఎక్కువైనప్పుడు మైలేజీ కూడా 27 శాతం పెరిగితేనే లెక్క సరిపోతుంది. అంత పెంచే బండి లేదు.

అందుకని ‘మైలేజీ వస్తుంది, డబ్బు మిగులుతుంది’ అని ఎవరైనా ప్రీమియం పోయించమంటే ఆ మాట పట్టించుకోకండి. ప్రీమియానికి డబ్బు పెట్టాలంటే వేరే కారణం ఉండాలి.

మీ ఇంజన్ ఏ కోవలోది

ట్రక్కు పేరు చూసి ఈ సంగతి చెప్పలేం, ఇంజన్ చూడాలి. షెవ్రోలే సిల్వరాడోనే తీసుకోండి. 5.3 లీటర్ల వీ8కు (ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌కు) రెగ్యులర్ చాలు. 2.7 లీటర్ల టర్బోకు కూడా అంతే. అదే బండిలో 6.2 లీటర్ల వీ8 ఉంటే ప్రీమియం రికమెండెడ్. జీఎంసీ సియెరాకూ ఇదే వర్తిస్తుంది. 6.2లో కంప్రెషన్ 11.5కు 1. సిలిండర్‌లో మిశ్రమాన్ని అంత గట్టిగా నొక్కుతుంది కాబట్టి ఇంధనానికి ఓర్పు ఎక్కువ కావాలి. రెగ్యులర్ పోసినా నడుస్తుంది కానీ ఆ ఇంజన్ కోసం అదనంగా పెట్టిన డబ్బులో కొంత పవర్ వాడుకోకుండా వదిలేసినట్టే.

టొయోటా టండ్రాలో 2022 నుంచి వచ్చిన 3.4 లీటర్ల ట్విన్ టర్బోకు 87 సరిపోతుంది. హోండా రిడ్జ్‌లైన్‌కూ అంతే. టర్బో ఉందంటే ప్రీమియం పోయించి తీరాల్సిందే అన్న మాట ఇంకా వింటుంటాను, అది పాతకాలపు మాట. గ్యాస్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతిలో ఆ తుంపర ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది. అందుకే నేటి టర్బోలు తక్కువ ఆక్టేన్‌తోనూ నెట్టుకొస్తున్నాయి.

ర్యామ్ 1500 ట్రక్కులోని 5.7 లీటర్ల హెమీ ఇంజన్ దారి వేరు. దానికి 89 రికమెండెడ్, 87 కూడా పనికొస్తుంది. ప్రీమియంతో దానికి పని లేదు.

ఫోర్డ్ ఎకోబూస్ట్ గురించి మాన్యువల్‌లో ఉన్న మాట నాకు అన్నిటికన్నా నిజాయితీగా అనిపిస్తుంది. మామూలుగా తిరగడానికి 87 చాలు, ట్రైలర్ లాగడం లాంటి బరువు పనులకు మాత్రం ప్రీమియం వాడండి అని రాశారు. మన ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

డీజిల్ ట్రక్కు ఉన్నవాళ్లకు ఈ గోల ఏదీ లేదు. డీజిల్‌కు ఆక్టేన్‌తో సంబంధం లేదు.

ట్రైలర్ కట్టిన రోజు

అరిజోనాలో బుల్‌హెడ్ సిటీ దగ్గర స్టేట్ రూట్ 68 మీద డేవిస్ డ్యామ్ గ్రేడ్ అని ఒక ఘాట్ రోడ్డు ఉంది. 11.4 మైళ్లలో దాదాపు 3,000 అడుగుల ఎత్తు ఎక్కుతుంది. ట్రక్కులు ఎంత బరువు లాగగలవో తేల్చడానికి కంపెనీలు పాటించే జే2807 ప్రమాణంలో ఈ ఎక్కుడునే కొలబద్దగా పెట్టుకున్నారు. అది కూడా బయట వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా.

ఒక వేసవిలో మా బావగారి ఎకోబూస్ట్ ఎఫ్-150కి క్యాంపర్ ట్రైలర్ కట్టి ఆ దారిన వెళ్లాం. కింద నదీ తీరంలో 87తో ట్యాంకు నింపాం. ఎక్కుడు మొదలైన కాసేపటికి బండి నీరసించడం తెలుస్తూనే ఉంది. గేరు కిందికి పడుతుంది, ఇంజన్ గట్టిగా అరుస్తుంది, కాస్త పుంజుకుని మళ్లీ చతికిలపడుతుంది. వేగం నిలబడాలంటే పెడల్ దాదాపు నేలకు ఆనించాల్సి వస్తోంది. వెనక క్యూ కడుతున్న బండ్లను అద్దంలో చూస్తూ బావగారు హజార్డ్ లైట్లు వేశారు. నాకింగ్ శబ్దం ఎక్కడా రాలేదు, చెక్ ఇంజన్ లైట్ వెలగలేదు. కంప్యూటర్ ఇంజన్‌ను కాపాడుకుంటూ చేతనైనంత లాగుతోంది, అంతే.

తరవాతి ఏడాది అదే క్యాంపర్, అదే దారి. ముందు రోజు రాత్రే 91 పోయించారు. బండి చాలాచోట్ల ఒకే గేరులో నిలకడగా ఎక్కింది, పెడల్ మీద పాదం అంతగా అదమాల్సిన పని పడలేదు. ఆ రోజు ఎండ ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండి ఉండొచ్చు, గాలి వేరే దిక్కున వీచి ఉండొచ్చు. దీన్ని నేను ల్యాబ్ పరీక్షతో సమానంగా చెప్పడం లేదు. కానీ కారణం చూస్తే ఇలా జరగడం న్యాయమే. బరువు, ఎండ, ఎత్తు మూడూ కలిసి టర్బో ఇంజన్‌లో ఒత్తిడిని, వేడిని పైకి నెడతాయి. నాక్ సెన్సర్ అప్పుడే ఎక్కువగా పని చేస్తుంది, కంప్యూటర్ అప్పుడే ఎక్కువగా వెనక్కి తగ్గుతుంది. ప్రీమియం ఇవ్వగలిగింది ఏదైనా ఉంటే ఆ గంటలోనే ఇస్తుంది.

కాబట్టి ఎకోబూస్ట్ లాంటి ఇంజన్ ఉంటే ఏడాదంతా 87 వాడుతూ, ట్రైలర్ కట్టే ముందు ట్యాంకు ప్రీమియంతో నింపడం నాకు బాగా నచ్చిన పద్ధతి. ఏడాదికి నాలుగైదు ట్యాంకులు ప్రీమియం పోయిస్తే మొత్తం మీద వంద డాలర్ల చుట్టుపక్కల అవుతుంది. కుటుంబాన్ని వెంటేసుకుని కొండ ఎక్కేటప్పుడు ఆ టెన్షన్ తగ్గించడానికి అది పెద్ద ఖర్చేమీ కాదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ట్యాంకులో సగం 87 ఉండగా పైన ప్రీమియం పోస్తే దొరికేది ప్రీమియం కాదు, రెంటికీ మధ్యస్థం. పైగా కంప్యూటర్ కొత్త గ్యాస్‌కు అలవాటు పడటానికి కొంత దూరం నడవాలి. అందుకే కొండ కింద కాకుండా, ముందు రోజే ట్యాంకు ఖాళీ కావచ్చినప్పుడు నింపుకోండి.

ఏ గ్యాస్ పోయించినా ట్రైలర్ కట్టినప్పుడు టో/హాల్ బటన్ నొక్కడం మరవకండి. అది గేరును తక్కువలో ఉంచి ఇంజన్ ఆర్‌పీఎం పైన ఉండేలా చూస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో మూలుగుతూ బరువు లాగేటప్పుడే నాకింగ్‌కు ఎక్కువ అవకాశం. ఈ బటన్‌కు పైసా ఖర్చు లేదు.

89 కావాలంటే కలుపుకోవచ్చు

హెమీ ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. మిడ్‌గ్రేడ్‌ను చాలాచోట్ల పంపులోనే రెగ్యులర్, ప్రీమియం కలిపి ఇస్తారు. అదే పని మనమూ చేయొచ్చు. సగం 87, సగం 91 కలిపితే 89. మీ ఊళ్లో ప్రీమియం 93 అయితే రెండు వంతులు 87కు ఒక వంతు 93 చాలు. కొన్ని స్టేషన్లలో 89 ధర ఈ రెంటి సగటుకన్నా చాలా ఎక్కువగా పెడతారు. అలాంటి చోట రెండుసార్లు పంపు పట్టుకునే ఓపిక ఉంటే నాలుగు డబ్బులు మిగులుతాయి. తేడా గ్యాలన్‌కు పది సెంట్ల లోపే ఉంటే ఆ శ్రమ అనవసరం.

ఆ డబ్బు ఇంకెక్కడ పెడితే మంచిది

ప్రీమియం పోయిస్తే ఇంజన్ లోపల శుభ్రంగా ఉంటుందని చాలామంది నమ్మకం. శుభ్రం చేసేది ఆక్టేన్ కాదు, గ్యాస్‌లో కలిపే డిటర్జెంట్. 1995 నుంచి అమెరికాలో ప్రతి గ్రేడులోనూ కనీస మోతాదులో అది కలపాలన్న నిబంధన ఉంది. ఆ కనీసం చాలదని కొన్ని కార్ల కంపెనీలు కలిసి 2004లో ‘టాప్ టియర్’ అనే ప్రమాణం తెచ్చాయి. ఆ గుర్తింపు ఉన్న బ్రాండ్‌లో 87కు కూడా మెరుగైన డిటర్జెంట్ పడుతుంది. ట్రిపుల్ ఏ పరీక్షలో 4,000 మైళ్లకు సమానంగా ఇంజన్ నడిపి చూస్తే, టాప్ టియర్ కాని గ్యాస్ వాడిన ఇంజన్ల ఇన్‌టేక్ వాల్వుల మీద సగటున 19 రెట్లు ఎక్కువ మడ్డి పేరుకుంది. రెగ్యులర్ సరిపోయే బండి మీద ప్రేమ ఉంటే ఆ ప్రేమ టాప్ టియర్ 87 రూపంలో చూపించండి. నేను మొదటి ట్రక్కుకు రెండేళ్లపాటు ప్రీమియమే పోయించాను, బండి బాగుండాలని. దానికి కావాల్సింది అది కాదని తెలిసినప్పటి నుంచి మిగిలిన డబ్బు టైర్లకు, సమయానికి ఆయిల్ మార్పుకు పెడుతున్నాను.

87 చాలని మాన్యువల్ చెబుతున్నా మీ పాత ట్రక్కు 87 మీద గులకరాళ్ల శబ్దం చేస్తోందంటే అది వేరే విషయం. సిలిండర్‌లో కార్బన్ పేరుకుని ఉండొచ్చు, ఇంజన్ అతిగా వేడెక్కుతూ ఉండొచ్చు, నాక్ సెన్సరే చెడిపోయి ఉండొచ్చు. ప్రీమియం పోస్తే శబ్దం తగ్గుతుంది కానీ జబ్బు లోపలే ఉంటుంది. మెకానిక్‌కు చూపించేదాకా మాత్రమే అలా నెట్టుకురండి.

పంపు దగ్గర మోసపోయే రెండు అంకెలు

కొలరాడో, వయోమింగ్ లాంటి కొండ రాష్ట్రాల్లో రెగ్యులర్ బటన్ మీద 85 ఉంటుంది. అలవాటు కొద్దీ అదే నొక్కేస్తాం. ఎత్తైన చోట గాలి పలచన, సిలిండర్‌లో ఒత్తిడి తక్కువ, కాబట్టి 85 చాలు అన్నది కార్బ్యురేటర్ల కాలం నాటి లెక్క. టర్బో ఆ పలచటి గాలిని మళ్లీ నొక్కి లోపలికి పంపుతుంది కనుక ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. మాన్యువల్‌లో 87 అని ఉంటే డెన్వర్‌లో కూడా 87నే పోయించండి. అక్కడ దాన్ని మిడ్‌గ్రేడ్ అని పిలవొచ్చు, పేరు చూడకండి, అంకె చూడండి.

రెండోది 88. ధర 87కన్నా తక్కువ, ఆక్టేన్ ఒకటి ఎక్కువ, చూడగానే ఆశ పుడుతుంది. అందులో ఇథనాల్ 15 శాతం. 2001, ఆ తరవాతి కార్లకు, తేలికపాటి ట్రక్కులకు ప్రభుత్వ అనుమతి ఉంది, అంతకన్నా పాతవాటిలో పోయకూడదు. ఇథనాల్‌లో శక్తి గ్యాసోలిన్‌కన్నా మూడో వంతు తక్కువ. మామూలు గ్యాస్‌లో పది శాతం ఎలాగూ ఉంటుంది కాబట్టి, మైలేజీ ఇంకో ఒకటిన్నర, రెండు శాతం తగ్గుతుందనుకోండి. ధర అంతకన్నా ఎక్కువ తగ్గితే 88 లాభమే. ట్రక్కుతో పాటు అదే క్యానులోంచి బోటుకూ, గడ్డి కోసే మిషన్‌కూ పోసే అలవాటు ఉంటే మాత్రం వద్దు, వాటికి ఈ గ్యాస్ పనికిరాదు.

ప్రీమియం రిక్వైర్డ్ అని ఉన్న బండిలో పొరపాటున 87 పోసేశారా? కంగారు పడి ట్యాంకు దింపించాల్సిన పని లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా, ట్రైలర్ కట్టకుండా నెమ్మదిగా నడపండి. పావు ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ ప్రీమియంతో పైదాకా నింపుతూ పోతే రెండు మూడు విడతల్లో సర్దుకుంటుంది.

ఇంతకీ మీది రిక్వైర్డా, రికమెండెడా తెలియాలంటే ముందు గ్యాస్ మూత దగ్గరి చిన్న తలుపు తెరిచి లోపలి స్టిక్కర్ చూడండి. అక్కడ లేకపోతే మాన్యువల్‌లో ఇంధనం గురించి ఉన్న పేజీ తెరిచి, మోడల్ పేరు కింద కాకుండా మీ ఇంజన్ లీటర్ల అంకె ఉన్న వాక్యం వెతకండి. మాన్యువల్ పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ సంవత్సరం మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే, ఇంకెవరైనా మీ ట్రక్కు తీసుకెళ్లిన రోజు వాళ్లకు పంపడానికి పనికొస్తుంది.